ఉప్పుసంత మీద కోట

లక్ష్మణమ్మ గుమ్మంలో చెప్పులు విడవలేదు. తిన్నగా వరండాలోకి వచ్చి, నెత్తిమీది గంప దించి, అందులోని ఎండుచేపలన్నీ గచ్చు మీద కుమ్మరించింది. త్యాగరాజు ఇద్దరు ఆడపిల్లలకు వయొలిన్ పాఠం చెబుతున్నాడు. కమానులు ఆగిపోయాయి. తరతరాలుగా రామాలయంలో సంగీత సేవ చేసుకుంటూ వస్తున్న ఆ ఇంట్లోకి నీచువాసన రావడం అదే మొదటిసారి.

త్యాగరాజు లేచి నిలబడ్డాడు. లోపల్నుంచి అతని అక్క జగదీశ్వరి వచ్చింది. ఊరి డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి కిందటేడే రిటైరయిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి కుటుంబంతోనే ఉంటోంది.

“నువ్వేనా కోట సరిత్ర రాసింది?” అని అడిగింది లక్ష్మణమ్మ.

అవునంది జగదీశ్వరి.

“ఇక్కడ మనుసులే లేరని రాసినావంట గదా. అంతా అడివంట. మీ ముత్తాతే ముందొచ్చీసినాడంట. మరి మాయమ్మ, మాయమ్మమ్మ, ఆలమ్మ ఎక్కడ కూకుని సేపలమ్మినారు, సెట్టు మీదా?”

జగదీశ్వరికి ఏమీ అర్థం కాలేదు. తను అలా రాయలేదని చెప్పింది. లక్ష్మణమ్మ వినిపించుకోలేదు. ఆమె వెనకే వచ్చిన కూతురు గౌరి మాత్రం మాట్లాడకుండా సంచిలోంచి ఒక కాగితం తీసి చేతికిచ్చింది. గౌరికి ముప్ఫై ఏళ్ళుంటాయి. తల్లి కొట్టులో కూర్చుంటే, ఈమె ఫోనులో కొరాపుట్ షావుకార్లతో బేరాలు చూసుకుంటుంది.

ఆ కాగితం నగరపాలక సంస్థ ఇచ్చిన నోటీసు. కోట దక్షిణపు గోడను ఆనుకుని ఉన్న ఎండుచేపల కొట్లన్నీ వారం లోపల ఖాళీ చేయాలని అందులో ఉంది. కారణం కూడా రాశారు. ‘కోట నిర్మాణమునకు పూర్వము సదరు స్థలమున జనావాసము గాని, సంత గాని లేదని ప్రముఖ చరిత్రకారిణి డాక్టర్ జగదీశ్వరి గారు నిర్ధారించియున్నారు. కావున సదరు కొట్లు ఆక్రమణలుగా పరిగణించడమైనది.’

జగదీశ్వరి ఆ వాక్యం మళ్ళీ చదివింది. చెప్పులు వేసుకుని, “పదండి, కోట దగ్గరికి” అంది.

*

ఠాణావలస సాలూరు దాటాక, ఒడిశా ఘాట్ రోడ్డు ఎక్కబోయే ముందు వస్తుంది. ఇప్పుడు దాన్ని ఊరనకూడదు. లారీ యార్డులు, నర్సింగ్ హోములు, ఫంక్షన్ హాళ్ళు, రెండు ఫ్లైఓవర్లు వచ్చాయి. కిందటేడు నగరపాలక సంస్థ అయింది. ఆ సంబరంలో మేయర్ రమేష్‌బాబు ఊరి నడిబొడ్డున పాడుబడి ఉన్న పాత పోలీసు కోటను బాగుచేయించి, తోట వేయించి, లైట్లు పెట్టించి, టిక్కెట్టు పెట్టి చూపించాలనుకున్నాడు. కోట చరిత్రను నల్లరాతి మీద చెక్కించాలని, అది రాసివ్వమని స్వయంగా జగదీశ్వరి ఇంటికి వచ్చి అడిగాడు.

ఆమె సంతోషంగా ఒప్పుకుంది. చెప్పాలనుకున్నది చాలా ఏళ్ళుగా మనసులో ఉంది. మొహమాటం లేకుండా రాసింది.

ఆమె రాసింది ఇది. కోట కంటే సంత ముందు. సముద్రపొడ్డు నుంచి, కోనాడ, చింతపల్లి వైపు నుంచి పల్లెకారు ఆడవాళ్ళు ఉప్పు, ఎండుచేపలు నెత్తిన మోసుకుని వచ్చేవారు. కొండల మీది వాళ్ళు పసుపు, చింతపండు, పిప్పళ్ళు దింపేవారు. ఘాటు మొదట్లో, ఏటి రేవు పక్కన, మంగళవారం మంగళవారం ఇద్దరూ కలిసేవారు. దాని పేరు ఉప్పుసంత. కంపెనీ పోయి రాణిగారి పాలన వచ్చాక ఉప్పు మీద పన్ను బిగిసింది. పన్ను కట్టని ఉప్పు కొండెక్కకుండా ఆపడానికి, కొండవాళ్ళు తిరగబడితే అణచడానికి, సరిహద్దు పోలీసుల దండు వచ్చి సరిగ్గా సంత నడినెత్తిన కోట కట్టింది. రాళ్ళు మోసింది సంతకొచ్చినవాళ్ళే, కూలీ లేకుండా. ఒక వేసవిలో దొంగఉప్పు తెచ్చారని పల్లెకారు ఆడవాళ్ళను, వాళ్ళ దగ్గర కొన్నారని కొండవాళ్ళను కలిపి మందుగుండు కొట్లో పడేసి తాళం వేశారు. తెరిచేసరికి పద్నాలుగు మంది దాహంతో చచ్చిపోయి ఉన్నారు. ఆ తర్వాత కోట చుట్టూ పోలీసు లైన్లు, సారా దుకాణం, కచేరీ, బడి, గుడి వచ్చాయి. ఉప్పుసంత ఠాణావలస అయింది. పేరు మారింది గాని సంత మాత్రం గోడను పట్టుకుని అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు కోట గేటు లోపల, కొత్తగా పరిచిన పచ్చిక మధ్యలో, రాక్షసిబొగ్గులా మెరుస్తున్న రాతి మీద బంగారు అక్షరాలతో చెక్కి ఉన్నది వేరు.

‘జనసంచారం లేని ఈ కీకారణ్యంలో సాహసవంతుడైన ఒక ఆంగ్ల అధికారి శాంతిభద్రతల కోసం ఈ దుర్గాన్ని నిర్మించి మహానగరానికి పునాది వేశాడు. ఆయన ఆహ్వానంపై విచ్చేసిన సంగీత విద్వాంసుల కుటుంబమే ఈ నగర తొలి నివాసులు.’ కింద ‘రచన: డాక్టర్ జగదీశ్వరి’ అని ఉంది.

మందుగుండు కొట్టుకి సున్నం వేసి, కిటికీ తెరిచి, ఐస్‌క్రీం కౌంటరు పెట్టారు.

లక్ష్మణమ్మకు చదువు రాదు. గౌరి పైకి చదివింది. చదవడం అయ్యాక లక్ష్మణమ్మ జగదీశ్వరి మొహంలోకి చూసి, ఇప్పుడేమంటావని అడిగింది. ఇది తన రాత కాదని జగదీశ్వరి చెప్పింది. అయినా పేరు నీదే ఉన్నాది కదా అని లక్ష్మణమ్మ వెళ్ళిపోయింది.

*

జగదీశ్వరి అట్నుంచే నగరపాలక సంస్థ ఆఫీసుకి వెళ్ళింది. మేయర్ గదిలో విశాఖ నుంచి వచ్చిన ఉమాశంకర్ అనే కన్సల్టెంటు కూడా ఉన్నాడు. కోట పనులన్నీ అతని చేతి మీదే నడుస్తున్నాయి. జగదీశ్వరి కుర్చీలో కూర్చోలేదు. తను రాసిచ్చింది ఎవరు మార్చారని అడిగింది. కొంచెం ‘పాలిష్’ చేశామని ఉమాశంకర్ నవ్వుతూ చెప్పాడు. విషాదం ఎక్కువైతే సందర్శకులు రెండోసారి రారని, ఏ ఊళ్ళోనైనా ఇంతేనని వివరించబోయాడు. ఆమె అతని వైపు చూడలేదు.

రమేష్‌బాబు లారీల వ్యాపారంలోంచి రాజకీయాల్లోకి వచ్చిన మనిషి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. అప్పుడూ నెమ్మదిగానే మాట్లాడాడు.

“మీరు రాసింది తప్పని నేనన్లేదు మేడమ్. కానీ పిల్లాజెల్లాతో వస్తారు జనం. ఐస్‌క్రీం తింటూ సదువుతారు. దాహానికి సచ్చిపోయినోళ్ళ సంగతి అక్కడెందుకండి?”

“మీరు ఐస్‌క్రీం అమ్మే గదిలోనే వాళ్ళు చచ్చిపోయారు.”

ఆయన టీ తెప్పించమంటారా అని అడిగాడు. ప్రారంభోత్సవం రోజున ఆమెకి సన్మానం ఉందని, శాలువా కంచి నుంచి వచ్చిందని చెప్పాడు. అవేవీ అక్కర్లేదని, ఆ రాతి మీద ఏం కావాలంటే అది చెక్కుకోమని, తన పేరు మాత్రం ఇవాళే తీసెయ్యమని అందామె. కావాలంటే మేయర్ పేరే పెట్టుకోమంది.

“నా పేరుంటే ఎవుడు నమ్ముతాడు మేడమ్?” అన్నాడు రమేష్‌బాబు. “మీ పేరుంటేనే అది కోర్టులో నిలబడతాది.”

అన్నాక తన నోట ఏం వచ్చిందో తెలిసింది ఆయనకి. పేపర్‌వెయిట్ అటూ ఇటూ జరిపాడు. ఉమాశంకర్ ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు.

అప్పటిదాకా అది ఎవరో తెలివితక్కువగా చేసిన పని అనుకుంది జగదీశ్వరి. ఇప్పుడు మొత్తం కనిపించింది. ఇంటికొచ్చి అడిగి రాయించుకోవడం దగ్గర్నుంచి అంతా ఆ కొట్లను లేపడం కోసమే. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి సంపాదించుకున్న నమ్మకాన్ని తీసుకెళ్ళి ఆ ఆడవాళ్ళ నెత్తిన రాయిలా వేశారు. ఆమె బయటికొచ్చేసింది.

*

ఇంట్లో వరండా కడిగి, సాంబ్రాణి వేసి ఉంది. త్యాగరాజు భోజనం చెయ్యకుండా కూర్చున్నాడు. జరిగిందంతా ఆమె చెప్పింది. ఆయన విన్నాడు గాని, ఆమె ఎదురుచూసిన మాట అనలేదు. ఊరి గొడవలు మనకెందుకన్నాడు. వాళ్ళకి మార్కెట్ యార్డులో చోటిస్తారట కదా అన్నాడు. ఆఖరికి అసలు మాట బయటపెట్టాడు. తను పొద్దున్నే కోటకి వెళ్ళి ఆ రాయి చూసి వచ్చాడట. ముత్తాత సంగతి బంగారు అక్షరాల్లో చూసేసరికి కళ్ళు చెమర్చాయట. ఇన్ని తరాల సేవకి ఇప్పటికి ఒక్క గుర్తింపు దొరికిందట. దాన్ని నీ చేత్తో నువ్వే ఎందుకు చెరిపేసుకుంటావని అడిగాడు.

“ఈ ఇల్లున్న నేల ఎవరిదో నీకు తెలుసా?” అంది జగదీశ్వరి.

దొర ఇచ్చిన ఇనాం అన్నాడు త్యాగరాజు.

“దొరకి ఎక్కడిది? ఇది ఆ పల్లెకారు వాళ్ళు మోసుకొచ్చిన ఎండుచేపల్ని మళ్ళీ ఎండలో పోసుకునే కళ్ళం. వాళ్ళని తరిమి, ఆ నేల మనకిచ్చారు. నాన్న నాతో చెప్పారు. నీతో చెప్పలేదంటే, నువ్వు బాధపడతావని చెప్పలేదు.”

త్యాగరాజు లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె చేపల కొట్ల దగ్గరికి వెళ్ళింది. కవ్వళ్ళు, నెత్తళ్ళు, సావళ్ళు గోనెల మీద కుప్పలుగా పోసి ఉన్నాయి. ఘాటు దిగి వచ్చినవాళ్ళు ఎండుచేపల్ని తమ ఒడియాలో సుకువా, సుకువా అంటూ బేరాలాడుతున్నారు. ఆమెను చూసి ఎవరూ పలకరించలేదు. లక్ష్మణమ్మ ముందు నిలబడి, ఆ రాతి మీద తన పేరు తానే ఉలితో చెక్కి తీసేస్తానని, అందరి ముందూ తీసేస్తానని చెప్పింది. ఆ మాట అంటే తన మనసు కాస్త తేలికపడుతుందనుకుందేమో.

లక్ష్మణమ్మ తక్కెడ కింద పెట్టింది.

“నీ పేరు తీసీసుకుంటే నీ పరువు మిగుల్తాది తల్లీ. మాకేటి మిగుల్తాది?”

కోపమంతా ఇప్పటిదాకా తన పేరు చుట్టూనే తిరుగుతోందని జగదీశ్వరికి అప్పుడే తెలిసింది. పక్క కొట్టు కూర్మమ్మ ఒక బోర్లించిన గంప ముందుకి తోసి కూర్చోమంది. ఆమె కూర్చుంది. గౌరి ఫోనులో విజయనగరంలో ఒక వకీలుకి కలిపింది. ఆ పూటే లక్ష్మణమ్మ, గౌరి, జగదీశ్వరి బస్సెక్కి అక్కడికి వెళ్ళారు. కోట కంటే సంత ముందని, రాతి మీద ఉన్నది తన రాత కాదని, నగరపాలక సంస్థ దాన్ని మార్చి తన పేరు వాడుకుందని జగదీశ్వరి ప్రమాణపత్రం రాసి సంతకం పెట్టింది. వకీలు పిటిషన్ వేశాడు. శుక్రవారం విచారణకొస్తుందన్నాడు. నోటీసు గడువు ఆదివారం దాకా ఉంది.

బుధవారం తెల్లారేసరికే జేసీబీ వచ్చింది.

గడువు ఇంకా ఉందని గౌరి నోటీసు చూపించింది. ప్రారంభోత్సవం ముందుకి జరిగిందని అధికారి చెప్పాడు. కోర్టులో పిటిషన్ ఉందని జగదీశ్వరి చెప్పింది. ఆర్డరు ఉంటే చూపించమన్నాడు. ఆడవాళ్ళు జేసీబీ ముందు వరసగా కూర్చున్నారు. జగదీశ్వరి లక్ష్మణమ్మ పక్కనే కూర్చుంది. పోలీసులు ఆమెను మాత్రం మర్యాదగా, మేడమ్ మేడమ్ అంటూ చెయ్యి పట్టుకుని లేపి పక్కన నిలబెట్టారు. తక్కిన వాళ్ళను జుట్టు పట్టి, రెక్క పట్టి ఈడ్చారు. లక్ష్మణమ్మ గోడ దగ్గరి సిమెంటు గట్టు మీద, కుడిచెయ్యి ఒంటి కింద నలిగేట్టు పడింది. మణికట్టు విరిగిన చప్పుడు పక్కనున్న వాళ్ళందరికీ వినిపించింది. ఆమె అరవలేదు. నోరు తెరిచి, ఊపిరి అందక, అలాగే కూర్చుండిపోయింది. జేసీబీ రేకుల్ని, గోనెల్ని, తాటాకుల్ని, చేపల్ని ఒకే కుప్ప చేసి బురదలోకి నెట్టింది.

తనను ఈడ్చకుండా లేపి నిలబెట్టడమే జగదీశ్వరిని అన్నిటికంటే ఎక్కువ మండించింది. ఆ మర్యాద కూడా ఆ రాతి మీది పేరుకే దక్కింది. ఆమె కోట గేటులోంచి లోపలికి నడిచింది. ఎవరూ ఆపలేదు. మేడమ్ కదా. పచ్చిక పక్కన టైల్స్ వేసేవాళ్ళు వదిలిపెట్టిన గునపం ఉంది. అది ఆమె అనుకున్నదానికంటే బరువుగా ఉంది. రెండు చేతులా ఎత్తి, పేరు మీద కాదు, ‘జనసంచారం లేని’ అన్న మాట మీద కొట్టింది. మొదటి దెబ్బకి చెయ్యి జిల్లుమంది గాని రాతికేమీ కాలేదు. రెండో దెబ్బకి పెచ్చు లేచింది. టైల్స్ కూలీలు దూరం జరిగి చూస్తున్నారు. కానిస్టేబుళ్ళు పరిగెత్తుకొస్తూ వద్దు మేడమ్ అంటున్నారు. ఆమె కొడుతూనే ఉంది. వాళ్ళు వచ్చి గునపం లాక్కునేసరికి రాయి నిలువునా బీటవారింది. అరచేతులు చితికి రక్తం కారుతోంది. అది ఆమె చూసుకోలేదు.

*

జగదీశ్వరిని తీసుకెళ్ళిన పోలీసు స్టేషన్ కోట ఎదురుగానే ఉంది. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కింద కేసు రాశారు. ఆడవాళ్ళు గేటు బయట రోడ్డు మీద కూర్చుని లేవలేదు. కూర్మమ్మ ఒక గ్లాసు టీ లోపలికి పంపించింది. గౌరి తల్లిని ఆసుపత్రిలో చూపించి కట్టు కట్టించి తీసుకొచ్చింది. లక్ష్మణమ్మ కూడా ఆ రోడ్డు మీదే కూర్చుంది. ఎవరో తీసిన వీడియో మధ్యాహ్నానికి సాలూరు నుంచి శ్రీకాకుళం దాకా తిరిగింది. రిటైర్డు లెక్చరర్ గునపం ఎత్తడం చూసి కొందరు నవ్వుకున్నారు, కొందరు ఆ రాతిలో ఏముందని అడిగారు. ప్రారంభోత్సవానికి రావలసిన పెద్దమనిషి వేరే పని ఉందని రాలేదు.

సాయంత్రం త్యాగరాజు వచ్చి పూచీకత్తు మీద సంతకం పెట్టాడు. ఇంటి గుమ్మం దగ్గర ఆగి, “ఈ నేల సంగతి నువ్వు చెప్పింది నిజమేనేమో. కానీ నా ముందు పైకి అనకుండా ఉండాల్సింది” అన్నాడు. సర్ది చెప్పే ఓపిక ఆమె దగ్గర లేదు.

శుక్రవారం కోర్టు స్టే ఇచ్చింది. అప్పటికి కూల్చడానికి ఏమీ మిగల్లేదు. ఆడవాళ్ళు అదే గోడ పక్కన, రేకులు లేకుండా, గొడుగుల కింద గంపలు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళను లేపే అధికారం ఇప్పుడు ఎవరికీ లేదు, పైన కప్పు వేసుకునే హక్కు వాళ్ళకీ లేదు. వాన పడితే చేపలు పాడవుతున్నాయి. బీటవారిన రాయిని తీసేసి, అక్కడ పూలకుండీలు పెట్టారు. రమేష్‌బాబు ఎక్కడ కనిపించినా జగదీశ్వరికి నమస్కారం పెడతాడు. ఆమె తిరిగి పెట్టదు.

లక్ష్మణమ్మ చెయ్యి వంకరగా అతుక్కుంది. తక్కెడ ఎడమ చేత్తో పట్టుకోవడం అలవాటు చేసుకుంది. జగదీశ్వరి వారానికొకసారి వెళ్ళి కాసేపు కూర్చుంటుంది. ఇద్దరూ కేసు గురించే మాట్లాడుకుంటారు. ఒకసారి జగదీశ్వరి క్షమించమని అడగబోతే లక్ష్మణమ్మ మధ్యలోనే ఆపేసి, బేరం ఉంది, పక్కకి జరగమంది.

ఆరు నెలల తర్వాత, రాయి పగలగొట్టినందుకు జగదీశ్వరి మీద పెట్టిన కేసు విజయనగరం కోర్టులో విచారణకొచ్చింది. వకీలు ముందే చెప్పి ఉంచాడు. వయసు, చదువు చూసి కోర్టు దయ తలుస్తుంది, క్షణికావేశంలో చేశానని ఒక్క మాట అంటే చాలు, నగరపాలక సంస్థ కూడా పట్టుబట్టదు అన్నాడు. ఆమె తల ఊపింది. ఆ రోజు లక్ష్మణమ్మ, గౌరి, కూర్మమ్మ వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు.

కోపంలో చేశారా అని న్యాయమూర్తి అడిగాడు.

“కోపంలోనే చేశానండి” అంది జగదీశ్వరి. “కానీ అది క్షణికం కాదు. ఇప్పటికీ ఉంది. ఆ గదిలో పద్నాలుగు మంది చచ్చిపోయారని మళ్ళీ ఎక్కడైనా రాసేదాకా ఉంటుంది.”

వకీలు కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. న్యాయమూర్తి ఏదో రాసుకుని, కేసు వచ్చే నెలకి వాయిదా వేశాడు.

బయట వకీలు విసుక్కున్నాడు. ఇంత చెప్పాక కూడా వినకపోతే తనెందుకన్నాడు. మళ్ళీ అడిగినా ఇదే చెబుతానని ఆమె అంది. లక్ష్మణమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉంది. దగ్గరికొచ్చి, వచ్చే వాయిదా ఏ రోజని అడిగింది. మంగళవారం అని చెప్పింది జగదీశ్వరి.

“మంగలారం సంత. నాను రాలేను, గౌరిని పంపుతాను” అని, లక్ష్మణమ్మ సాలూరు బస్సు కోసం రోడ్డు దాటింది.